ఫిట్ అయిన గుండె

చిన్నప్పుడు నన్ను బడికి పంపలేదు. మనుమలు పుట్టాక, సాయంత్రాలు పెద్దవాళ్లకు చెప్పే బడిలో అక్షరాలు దిద్దాను. అందుకే ఈ సంగతి ఇన్నేళ్లకు రాస్తున్నాను.

తొంభైల్లో నా భర్త పటాన్‌చెరు దగ్గర ఒక మందుల కంపెనీలో పనిచేసేవాడు. ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. ఎప్పుడు పడుకోవాలో ఆయన ఒంటికే తెలియకుండా పోయింది. కూర్చున్నా గుండె దడదడలాడేది. సంగారెడ్డిలో డాక్టర్‌కు చూపించాం. ఆయన నాడి పట్టుకుని ఊపిరి పీల్చమన్నాడు, వదలమన్నాడు. తర్వాత మిషను పెట్టి కాగితం మీద గీతలు తీశాడు.

“గడియారం లెక్క ఒక్క తీరుగ కొట్టుకుంటుంది సార్, మంచిదే గదా?” అన్నాడు నా భర్త, సమానంగా ఉన్న ఆ గీతలు చూసి.

“గడియారానికి మంచిదే. గుండె ఊపిరి పీలిస్తే జెర ఉరకాలె, వదిలితే జెర నెమ్మదించాలె. నీది ఎప్పుడూ ఉరుకుడే. అలిసిపోయింది. మంచిగ నిద్రపో. చాయ్, బీడీ తగ్గించు. పరేషాన్ గాకు. నైట్ డ్యూటీ వద్దని చెప్పు.”

బయటికి వచ్చాక నా భర్త నవ్వాడు. “పరేషాన్ గావొద్దంట. గదేమన్న నా చేతిల ఉందానే?”

నైట్ వద్దని సూపర్‌వైజర్‌ను అడిగితే, “చాతగాకుంటే మానెయ్” అన్నాడట.

అంతలోనే కంపెనీలో ఏటా చేసే మెడికల్ పరీక్ష వచ్చింది. అందులో అన్‌ఫిట్ అయితే పని పోయినట్టే. మా గల్లీలో దానికొక పద్ధతి ఉండేది. ముందురోజు మొగుళ్ల చేత సెలవు పెట్టించి పడుకోబెట్టేవాళ్లం. చాయ్ లేదు, బీడీ లేదు. చలువకని అంబలి. నడిస్తే దడ పెరుగుతుందని కంపెనీ గేటు దాకా ఆటోలో పంపేవాళ్లం. నేనూ అన్నీ చేశాను. పక్కన కూర్చుని మెల్లగా ఊపిరి వదిలించాను.

“గింత సేవ పెండ్లయిన కొత్తల సుత చెయ్యలే నువ్వు.”

“నోర్మూసుకొని ఊపిరి వదులు.”

మర్నాడు సాయంత్రం మిఠాయి పొట్లంతో వచ్చాడు. “ఫిట్ అన్నరే! గుండె మంచిగున్నదంట.”

ఆ పొట్లం పట్టుకుని అలాగే నిలబడ్డాను. ఒక్క రోజు నిద్రకే అంత కుదుటపడిన గుండె, రోజూ నిద్ర దొరికితే ఎలా ఉండేదో! ఫిట్ అయ్యాడు కాబట్టి ఆ రాత్రే మళ్లీ నైట్ డ్యూటీ. ఫిట్ కాకపోతే పని పోయి ఇల్లు గడవదు. ఏది కోరుకోవాలో తెలియక అన్నం డబ్బా కట్టి పంపాను.

మరునాడు పొద్దున ఆయన వచ్చి పడుకున్నాక కిటికీకి దుప్పటి కట్టాను. అప్పుడే పక్కనున్న పిండి గిర్ని చప్పుడు మొదలైంది. వెళ్లి, మధ్యాహ్నం దాకా ఆపమని అడిగాను.

“నీ మొగడు పండుకుంటే గల్లీ అంత రొట్టెలు మానెయ్యాల్నా అక్కా?” అని గిర్ని అతను నవ్వాడు. అతని ముందు జొన్నల డబ్బాలు వరుసగా ఉన్నాయి. ఇంటికి వచ్చి, కొంగు మడిచి ఆయన చెవి మీద పెట్టి, చెయ్యి తీయకుండా కూర్చున్నాను.