ఏటికి ఏ గట్టున పుట్టాను

మా అక్క పెళ్లయ్యాక మళ్లీ రంగూన్ వెళ్లి అక్కడే ఉండిపోయింది. ఆమెకు తొంభై దాటాయి, నాకు ఎనభై దాటాయి. ఆమెను ఊపిరుండగా ఒక్కసారి చూడాలంటే నాకు పాస్‌పోర్టు కావాలి. అందుకే షోళింగనల్లూరులో ఉద్యోగం చేసే నా మనవరాలు ఒక ఆదివారం పెరంబూరులో మా ఇంటికి వచ్చి, లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని నా ముందు కూర్చుంది.

"అవ్వా, పుట్టిన దేశం అడగతా ఉండాది. ఏం పెట్టేది?"

యాభై దాటాక వీధిబడిలో పిల్లల పక్కన కూర్చుని అక్షరాలు దిద్దినదాన్ని. కాగితాలంటే నాకిప్పుడు భయం లేదు. కానీ ఈ ప్రశ్నకు మాత్రం జవాబు తేల్చలేకపోయాను.

యుద్ధం వచ్చినప్పుడు మావాళ్లు రంగూన్ వదిలి నడక మొదలుపెట్టారు. అమ్మ నిండు చూలాలు. బర్మాకీ ఇండియాకీ నడుమ కొండల్లో ఒక ఏరుంది. నేను అక్కడ పుట్టాను. తెల్లదొరలు అప్పటికే పారిపోయారు, జపానువాళ్లు ఇంకా రాలేదు. ఆ నేల మాదంటే మాదన్న ఇద్దరిలో ఆ వేళ అక్కడ ఒక్కడూ లేడు. ఇప్పుడు కూడా బర్మాలో అసలు ప్రభుత్వం మేమంటే మేమని కొట్టుకుంటున్నారు, టీవీలో చూస్తున్నాను.

అమ్మ బతికినన్నాళ్లూ ఒకటే మాట. కాన్పు అవతలి గట్టున అయినా, మాయను అక్క ఏరు దాటించి ఇవతల పూడ్చిందట. మాయ పూడ్చిన చోటే పుట్టిన చోటు, నువ్వు ఈ దేశం బిడ్డవే పో, అనేది. బొడ్డు కోసిన కాసేపటికే లేచి ఏట్లో దిగిన మనిషి ఆమె. నేను నలుగుర్ని కన్నాను. ప్రతి కాన్పుకూ పదకొండు రోజులు మంచం దిగలేదు. ఆ మనిషి కడుపునే పుట్టానా అని ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు.

"అయితే ఇండియా అని పెట్టు," అన్నాను.

"సూపర్ అవ్వా. బర్మా అంటే ఆయిరం కొశ్చన్లు వేస్తారు. నెలలు పడతాది."

"ఉండు. అక్కను ఒక మాట అడిగి పెడదాం." తెలియనిదాని కింద చేవ్రాలు చేయడం నాకు చేతకాదు.

వీడియోలో అక్క ముఖం వచ్చింది. పళ్లు లేవు, నోరు మాత్రం అలాగే ఉంది.

"ఏమే, ఇంకా చావలేదా?"

"నిన్ను చూడకుండా చస్తానా? ఒక సంగతి చెప్పు. నా మాయ యాడ పూడ్చినావు?"

ఫోను ఆగిపోయిందనుకుని మనవరాలు దాన్ని తట్టింది.

"పూడ్చలే," అంది అక్క చివరికి. "నాకు పదేండ్లు. నీళ్లు రొమ్ము కాడికి వచ్చినాయి. అమ్మ నిన్ను ఎత్తి పట్టుకోని ఉంది. మాయ చట్టి నా నెత్తిన ఉంది. నడి ఏట్లో అమ్మ కాలు జారింది. చట్టి వదిలేసి అమ్మ కొంగు పట్టుకున్నా. చట్టి కొట్టకపోయింది."

"అమ్మకు చెప్పలా?"

"గట్టెక్కినాక అడిగింది. రాయి కింద పూడ్చినా అన్నా. అంత దూరం నడిచినామెకు అదన్నా మిగలొద్దా?"

పదేళ్ల పిల్ల. ఆ వయసులో నేను రిబ్బను కోసం ఏడ్చి అన్నం మానేశాను. ఆ పిల్ల నడి ఏట్లో ఏది వదలాలో, ఏది పట్టుకోవాలో తేల్చుకుంది. ఆ తరవాత అమ్మ చచ్చిపోయేదాకా ఆ మాట నోరు దాటనివ్వలేదు.

"మరి ఏం పెట్టేది అవ్వా? లిస్టులో ఏరు లేదే," అంది మనవరాలు.

"ఇండియా అనే పెట్టుకోండమ్మా. బిరీన రావచ్చు," అంది అక్క.

"నువ్వు ఊరుకో. అమ్మ నన్ను కనింది అవతలి గట్టున. బర్మా అని పెట్టు."

"లిస్టులో మయన్మార్ అనే ఉండాది."

"అదే పెట్టు. అక్కా, నెలలు పడతాదంట. ఉంటావా?"

"ఆ పొద్దు నీళ్లల్లో మీ ఇద్దర్నీ పట్టుకున్నా. ఈ నాలుగు నెలలు పట్టుకోలేనా? పోవే."

తరవాత విచారణకు పోలీసాయన ఇంటికి వచ్చాడు. ఫారం చూసి, అక్కడ పుట్టానంటానికి రుజువేముందని అరవంలో అడిగాడు.

కుర్చీ వేసి కూర్చోమన్నాను. ఫోను తీసి అక్కకు కలిపాను.