అడుగున మిగిలిన తెల్లపొర

ఇయ్యాల సూరత్‌ల మా తెలుగు బడిల ఏడో తరగతికి మార్పుల పాఠం చెప్పిన. కాయితం కాల్చి చూపెట్టి, "ఇది రసాయన మార్పు, కాయితం మళ్ల రాదు" అన్న. తర్వాత నల్లా నీళ్లల్ల ఉప్పు కలిపి మరిగించిన. నీళ్లన్నీ ఇగిరి గిన్నె అడుగున తెల్లగ ఉప్పు మిగిలింది. "ఇది భౌతిక మార్పు, కలిపింది మళ్ల వస్తది" అన్న. పిల్లలు చప్పట్లు కొట్టిండ్రు.

మౌనిక ఒక్కతే కొట్టలేదు. వాళ్ల నాయిన సాంచెల మీద బట్ట నేసేటోడు, మొన్న ఎండకాలం చనిపోయిండు. ఊరికి తీస్కపోయే వీలుగాక అన్నీ ఇక్కడనే చేసిండ్రు.

ఆ పిల్ల లేచి అడిగింది: "టీచర్, మా బాపును కాల్చిండ్రు. గోదావరి దూరమని బూడిద తాపీ నదిల కలిపిండ్రు. రెండూ చేసిండ్రు గదా, మరి వస్తడా, రాడా?"

"రేపు చెప్త, కూసో" అన్న.

కూసోలేదు. గిన్నె కాడికొచ్చి, అడుగున ఉన్న తెల్లపొరను వేలుతోని తీసి నాలిక మీద పెట్టుకున్నది. "ఉప్పే టీచర్" అని పోయి కూసున్నది.

సాయంత్రం ఇంటికొచ్చి చాయ్ పెడదామని గిన్నె తీసిన. మా నల్లాకొచ్చేవి ఆ తాపీ నీళ్లే. అడుగున ఎప్పుడూ పట్టే తెల్లపొర పట్టి ఉన్నది. రోజూ గీకి పారవోసేదాన్ని, ఇయ్యాల గీకకుంట గిన్నె అట్లనే పక్కకు పెట్టిన.

సైన్స్ టీచరమ్మ గిట్ల భయపడుతదా అని నవ్వుకోండ్రి. నవ్వినంక, రేపు ఆ పిల్లకు ఏం చెప్పాల్నో జర కింద రాయుండ్రి. గిన్నె ఇంకా తోమలేదు.