నెయ్యి వదిలిన మొక్కు

పుష్పలీలకు కోపం వస్తే గొంతు పెంచదు. గిన్నెలు తోముతుంది. తోమిన గిన్నెనే మళ్ళీ తోముతుంది. ఆ శనివారం సాయంత్రం వంటింట్లో నీళ్ళ చప్పుడు ఎంతకీ ఆగకపోయేసరికి, బస్సు డ్యూటీ దిగి వచ్చిన మొగిలయ్య బూట్లు విప్పుతూనే భార్యను అడిగాడు.

"ఏమైందే? గుడికాడ ఎవలన్నా ఏమన్నా అన్నరా?"

ఆమె వెనక్కి తిరగలేదు. "సుగుణ వదిన నా చేతిలకెల్లి గంటె గుంజుకున్నది."

మొగిలయ్య లేచి వచ్చి ఆమె తోమిన గిన్నెలు తుడవసాగాడు. అది ఎంత పెద్ద మాటో ఆయనకు తెలుసు.

జగిత్యాల దగ్గరి పల్లె నుంచి ఇంగ్లండులోని లీడ్స్‌కు వచ్చిన పుష్పలీల వారమంతా ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెడుతుంది. శనివారం పొద్దు ఒక్కటే ఆమెది. ఊళ్ళోని తెలుగువాళ్ళంతా కలిసి అద్దెకు తీసుకున్న హాల్లో ఆ రోజు వేంకటేశ్వరస్వామికి పూజ, తర్వాత భోజనాలు. ఆ వంట మొదలైన నాటి నుంచి పొయ్యి దగ్గర నిలబడింది ఆమే. యూనివర్సిటీలో చదువుకునే పిల్లలు వస్తే, అడగకముందే వాళ్ళ డబ్బాల్లో మర్నాటికి కూడా పెట్టి పంపేది. ఆమె పొంగలిలోనూ పులిహోరలోనూ నెయ్యి ధారాళం. దేవుడికి పెట్టేదాంట్లో పిసినారితనం ఏమిటని ఆమె నమ్మకం.

ఆ నెయ్యే ఇప్పుడు మెడకు చుట్టుకుంది. గుడి కమిటీ పెద్ద అమరేందర్‌కు నెల కిందట గుండెనొప్పి వచ్చి స్టెంట్ వేశారు. ఆయన భార్య సుగుణ, జనమంతా పళ్ళాలు పట్టుకుని వరుసలో నిల్చున్న వేళ వచ్చి గంటె లాక్కుంది.

"పోసినవు తియ్ వదినా. నెయ్యి పోసి పోసి మా ఆయన నరాలు పూడగొట్టినవు. ఇగ ఈ పొయ్యి ముట్టకు. ముందుగాల నీ ఒంట్ల ఎంత కొవ్వున్నదో చూపించుకో పో!"

వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు. అమరేందర్ పక్కనే ఉన్నాడు. ఏళ్ళ తరబడి "చెల్లె, చెల్లె" అంటూ మూడోసారి పెట్టించుకుని తిన్న మనిషి, తల వంచుకుని పళ్ళెంలోకి చూశాడే తప్ప నోరు విప్పలేదు.

గిన్నెలన్నీ అయ్యాక పుష్పలీల స్నానం చేసి నరసింహస్వామి పటం ముందు దీపం పెట్టింది. వాళ్ళ వైపు ఒక పద్ధతి ఉంది. పెద్ద కోరిక ఏదైనా ఉంటే, తమకు ఇష్టమైన తిండి ఒకటి దేవుడికి వదిలేస్తారు. ఆమె మేనత్త తన బిడ్డ జ్వరం తగ్గాలని జామపండు వదిలేసి, మళ్ళీ జన్మలో ముట్టలేదు. పుష్పలీల నెయ్యి వదిలింది. కోరుకున్నది మాత్రం ఎవరి క్షేమమూ కాదు.

"సామీ, ఆమె అందరి ముందట చెయ్యి చాపి నా చేతి వంట అడగాలె. అడిగేదాంక నాకు నెయ్యి వద్దు."

అలా మొక్కడం తప్పని ఆమెకు తోచలేదు. గోళ్ళతో చీల్చిన దేవుడికి పగ సంగతి ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు కదా.

సుగుణ అన్న మాట ముల్లులా గుచ్చుకుంటూనే ఉండటంతో, సోమవారం తమ పేట డాక్టరు క్లినిక్కుకు వెళ్ళి పరీక్షకు రక్తం ఇచ్చింది. కొలెస్ట్రాల్ ఏడు దాటింది. ఇక్కడి లెక్కలో ఐదులోపు ఉండాలట. నర్సు కుర్చీ దగ్గరికి జరుపుకుని, చల్లగా ఉన్న తన చేతులు రుద్దుకుని వేడి చేసుకున్నాకే ఆమె చెయ్యి పట్టుకుంది. రోజూ ఓట్స్ తినమంది, నడవమంది, నెయ్యీ వెన్నా కొబ్బరీ తగ్గించమంది. మూడు నెలలు చూసి అప్పటికీ తగ్గకపోతే మాత్ర రాస్తారని నెమ్మదిగా చెప్పింది. ఆ మంచి మాటల్లో పుష్పలీల చెవికెక్కింది ఒక్కటే: ఆ అంకె దిగితే సుగుణ నోరు పడిపోతుంది.

మూడు నెలలు నిష్ఠగా ఓట్స్ తిన్నది. ఎలా తిన్నదంటే, పొద్దున్నే కొబ్బరిపాలు, బెల్లం, జీడిపప్పు వేసి ఓట్స్ పాయసం. మధ్యాహ్నం ఎప్పటిలాగే పళ్ళెం నిండా అన్నం. ఓట్స్ మందు కదా, మందుతో కడుపు నిండదు కదా! పోపులోకి నెయ్యి బదులు వెన్న. మొక్కుకున్నది నెయ్యి ఒక్కటే, వెన్న మాట దేవుడి దగ్గర ఎత్తనే లేదు. మూడు నెలలకు రక్తం ఇస్తే అంకె ఇంకా పైకెక్కింది.

ఇంటర్ వయసు కూతురు హాసిని ఆ కాగితం చదివి తల పట్టుకుంది. "అమ్మా, యూ కాంట్ చీట్ యువర్ బ్లడ్! ఓట్స్ ప్లస్ రైస్ ఈజ్ నాట్ ఎ డైట్!"

"అన్నం తినకుంట మనిషి బతుకుతడా?"

"ఇన్‌స్టెడ్ ఆఫ్, అమ్మా. ఇన్‌స్టెడ్ ఆఫ్!"

మొగిలయ్య అమాయకుడు. ఆ శనివారం హాల్లో ఎవరో పలకరిస్తే ఉన్న సంగతంతా చెప్పేశాడు. వెళ్ళేటప్పుడు సుగుణ పుష్పలీలను గుమ్మం దగ్గర ఆపింది.

"గుర్రాల దాణ తిన్నా కరగలేదట గదా వదినా? మొండిది నీ కొవ్వు!"

ఆ పూట నుంచి ఆ ఇంట్లో వెన్న లేదు, కొబ్బరి లేదు. పళ్ళెంలో అన్నం జాగాలోకి ఓట్స్ వచ్చింది. ఓట్స్‌తో పెసరపప్పు కిచిడీ, ఓట్స్ పిండి కలిపిన జొన్న రొట్టె, పక్కన తోటకూరో చిక్కుడుకాయో. డ్యూటీ దిగాక రౌండ్‌హే పార్కు ఎత్తు ఎక్కి దిగేది. నడిచేటప్పుడు రామనామం అనుకోవాలని వాళ్ళమ్మ నేర్పింది. పుష్పలీల నోట్లో ఆడింది మాత్రం సుగుణ పేరే. ఎత్తు ఎక్కలేక ఆయాసం వచ్చినప్పుడు, వరుసలో వినిపించిన ఆ కిసుక్కు నవ్వు తలుచుకునేది. కాళ్ళు వాటంతటవే కదిలేవి.

ఒకరోజు తడిసి ముద్దై ఇల్లు చేరితే, అంతవరకూ చెయ్యి ఊపడమే తప్ప మాట్లాడని పక్కింటి ముసలాయన, పోయిన తన భార్య వానకోటు తెచ్చి గేటు మీద వేసి వెళ్ళాడు. దేవుడు ఎవరి చేత ఏం పంపుతాడో తెలియదని ఆమె ఆ కోటును కళ్ళకద్దుకుంది. మర్నాడు అదే కోటు తొడుక్కుని, అదే పగతో నడిచింది.

ఇక్కడి దుకాణాల్లో గోధుమరవ్వలా ముక్కలుగా కోసిన ఓట్స్ దొరుకుతాయి. వాటిని నానబెట్టి, పొడిపొడిగా ఉడికించి, పళ్ళెంలో ఆరబెట్టి చింతపండు పులుసు కలిపింది. చెంచాడు పల్లీ నూనెలో ఆవాలు, ఇంగువ, కరివేపాకు, పచ్చిమిర్చి పోపు. తిని చూసుకుంది. పులిహోర కుదిరింది. దాంతోపాటు తను చేయబోయేదేమిటో కూడా మనసులో కుదిరింది.

అమరేందర్‌ను రోజూ నడవమన్నారనీ, ఆయన నడిచేది ఆ పార్కులోనేననీ ఆమెకు తెలుసు. ఆయన దారిలో ఉన్న బెంచీ మీద కూర్చుని, ఆయన దగ్గరికి వచ్చేవేళకు డబ్బా మూత తీసింది. ఇంగువ వాసనకు ఆయన కాళ్ళు ఆగిపోయాయి.

"చెల్లె... ఏందది?"

"మందు అన్నా. ఓట్స్. నెయ్యి చుక్క లేదు."

"మీ వదిన నాకు ఉడకేసిన క్యారెట్లు పెడుతున్నదమ్మా. ఉప్పు లేదు, పులుపు లేదు. నోరు చచ్చిపోయింది." ఆయన సిగ్గుపడుతూనే కూర్చున్నాడు. "ఒక్క చెంచా పెట్టు."

ఒక్క చెంచా పెట్టలేదు, డబ్బాకు డబ్బా చేతిలో పెట్టింది. గంటె లాక్కున్న రోజు సంగతి తలుచుకుని ఆయన ఏదో చెప్పబోతే, "తిను అన్నా, సల్లగైతది" అని అడ్డుకుంది. ఆయన మన్నింపు అడిగితే ఆమె కోపం అక్కడే ఆరిపోతుంది. అది ఆమెకు అక్కర్లేదు. మర్నాడూ తెచ్చింది, ఆ మర్నాడూ తెచ్చింది. రోజులు గడిచేకొద్దీ ఆయన ఇంట్లో పళ్ళెం పక్కకు నెట్టడం మొదలుపెట్టాడని విన్నది. అదే ఆమె కోరుకున్నది.

ఎండలు ముదిరే నాటికి మళ్ళీ రక్తం ఇస్తే ఐదున్నరకు దిగింది. నర్సు లేచి వచ్చి కౌగిలించుకుంది. పుష్పలీలా నవ్వింది, కానీ ఆ అంకె అనుకున్నంత తియ్యగా లేదు. ఆమె ఎదురుచూస్తున్నది వేరే.

అది ఒక ముసురు పట్టిన సాయంత్రం తలుపు తట్టింది. గొడుగు లేకుండా సుగుణ.

"వదినా, పార్కు ముచ్చట ఆయనే చెప్పిండు. ఆయనకు ఏం పెడుతున్నవో నాకు జర నేర్పు. ఇంట్ల ముద్ద ముడ్తలేడు. నేనేం చేసినా మూతి తిప్పుతున్నడు."

'లోపలికి రా, తడుస్తున్నవు' అనే మాట పుష్పలీల నాలుక చివరికి వచ్చింది. మింగేసింది.

"నేర్పుత. గని ఈడ గాదు. శనివారం అందరి ముందట అడుగు."

సుగుణ ముఖం పాలిపోయింది. "గింత పగనా వదినా?"

"గింతనే."

శనివారం పుష్పలీల ఓట్స్ పులిహోర పెద్ద గిన్నె నిండా వండి తెచ్చింది. ఎవరూ అడ్డు చెప్పలేదు. వరుసలో సుగుణ వంతు వచ్చింది. పళ్ళెం చాపి గొణిగింది. "వదినా, నీ చేతి పులిహోర పెట్టు."

"ఏందీ? వినవడలే."

హాలంతా నిశ్శబ్దమైపోయింది. అమరేందర్ కళ్ళు మూసుకున్నాడు.

"నీ చేతి వంట పెట్టమంటున్న వదినా!" ఈసారి సుగుణ గొంతు హాలంతా వినిపించింది. "తప్పైంది. పొయ్యి నీదే. ఆయనకెట్ల వండాల్నో నాకు నేర్పు."

పుష్పలీల గంటె నిండా తీసి వడ్డించింది. అక్కడే నిలబడి తినేదాకా చూసింది. సుగుణ గబగబా నోట్లో పెట్టుకున్న ముద్దలో పచ్చిమిర్చి తగిలి పొలమారింది. దగ్గు ఆగలేదు, కళ్ళ నిండా నీళ్ళు. ఆ నీళ్ళు కారానివో అవమానానివో చూసేవాళ్ళకు తెలియలేదు. మంచినీళ్ళ చెంబు పుష్పలీల మోచేతి పక్కనే ఉంది. చూసింది. చెయ్యి కదపలేదు. చివరికి వెనక వరుసలోంచి, అక్కడి అందరికంటే పెద్దవాడైన హన్మంతు తాత కర్ర ఊతంతో నడుచుకుంటూ వచ్చి, నీళ్ళు వంచి సుగుణకు అందించాడు.

ఆ సాయంత్రం పుష్పలీల దీపం పెట్టి, మొక్కు తీరిందని స్వామికి చెప్పుకుంది. సుగుణ ఎలా అడిగిందో, హాలు ఎంత నిశ్శబ్దంగా విన్నదో అన్నీ పూసగుచ్చినట్టు చెప్పింది. చెంబు సంగతి మాత్రం చెప్పలేదు.