సంద్రం అనే ఫోల్డర్

మూడేళ్ళ కిందటి అక్టోబరు. నేను బరంపురంలో కంప్యూటర్లు బాగుచేసుకు బతికేవాణ్ణి. రుషికుల్యా నది సముద్రంలో కలిసే మొగ దగ్గర పొడంపేటలో మత్స్యకారుల సంఘానికి డాక్యుమెంట్ డేటాబేస్ సర్వర్ ఒకటి పెట్టి అప్పటికి రెణ్ణెల్లయింది. ఏ పడవలో ఎవరు వేటకెళ్ళారు, ఆపదొస్తే ఎవరికి ఫోను చెయ్యాలి అన్నదే అందులోని సరుకు.

మామూలు డేటాబేస్ గళ్ళ పుస్తకం లాంటిది, అందరికీ అవే గళ్ళు. ఇందులో పడవకో కాగితం. ఏ కాగితంలో ఏం రాయాలో మనిష్టం. సంఘంలో రాతకోతలు చూసే పోలమ్మకి ఇది తెగ నచ్చేసింది. 'గాలి లేస్తే ఎక్కడ ఆగుతాడు, అక్కడ నంబరేటి' అనే వరస తనే కల్పించి, పడవ పడవకీ అడిగి మరీ నింపింది.

దీన్ని నడపడానికి మౌసూ గీసూ పనికిరావు. కమాండ్ లైన్ అని నల్లటి తెర ఉంటుంది, అందులో అక్షరాలు కొట్టాలి. నేను రెండు వరసలు కాగితం మీద రాసిచ్చాను. మొదటిది డేటా ఉండే ఫోల్డర్ తయారుచేస్తుంది, ముందే ఉంటే ఊరుకుంటుంది. రెండోది ఆ ఫోల్డర్ చూపించి సర్వర్‌ని లేపుతుంది.

తుఫాను హెచ్చరిక వచ్చిన రోజు పొద్దున్న కరెంటు పోయి వచ్చింది. సర్వర్ పడుకుంది. పోలమ్మ ఫోను చేసింది.

"బావూ, మీ కాయితం మీద టీ ఒలికిపోనాది. ఏటి కొట్టాలో సెప్పండి."

అక్షరం అక్షరం చెప్పడానికి బద్ధకించి రెండు వరసలూ గబగబా చెప్పేశాను.

"ఫోల్డరు పేరేటి?"

"సముద్రం."

"సంద్రమే కదా?"

"ఆఁ, అదే."

పది నిమిషాలకి మళ్ళీ ఫోను. "సర్వరు లెగిసింది బావూ. లోపల ఒక్క పడవా లేదు! మా ఎర్రయ్య ఇంకా రాలేదు."

ఎర్రయ్య ఆమె తమ్ముడు. మిగతా పడవలన్నీ ఒడ్డుకొచ్చేశాయి. అతని ఫోను పలకడం లేదు. గాలి లేస్తే చమఖండి అనే ఊళ్ళో ఆగుతాడు. పడవలో ఉన్న ఒకతని అత్తారిల్లు అక్కడే. ఆ ఇంటి నంబరు డేటాబేసులోనే ఉంది, రాసుకున్న చీటీలు పోలమ్మ అందులో ఎక్కించాక చింపేసింది. అక్కడా లేడంటే వెంటనే వెతికించాలి. మధ్యాహ్నం దాటితే ఏ పడవనీ నీళ్ళలోకి దిగనివ్వరు.

ఆ డేటాకి నకలు తీసిపెడదాం, పెడదాం అనుకుంటూనే రెణ్ణెల్లూ గడిపేశాను మరి. స్కూటరు తీసి, ఎదురుగాలిలో పొడంపేట చేరాను.

"ఏం నొక్కావమ్మా?" అని విసుక్కున్నాను.

"మీరు సెప్పిందే కొట్టినాను బావూ."

తెర మీద చూస్తే ఒక్క తప్పూ కనబడదు. డేటా పాడైతే సర్వర్ ఏదో ఒకటి గోల పెడుతుంది. ఇది నిక్షేపంగా నడుస్తోంది, కాకపోతే ఖాళీగా! అదే నాకు వింతగా తోచింది. ఇంతకీ ఏ ఫోల్డర్ చూసుకుని నడుస్తోందబ్బా అని డిస్కులో ఏమేం ఉన్నాయో చూశాను. సముద్రం ఉంది. దాని పక్కనే, ఆ పొద్దున్నే పుట్టిన సంద్రం ఉంది.

"పోలమ్మా, సంద్రం అని కొట్టావా?"

"మరి మీరు అదే అన్నారు గదా! మా ఊళ్ళో సముద్రం అనేవోలు ఎవులున్నారు?"

లేని ఫోల్డర్‌ని మొదటి వరస తయారుచేసింది, రెండోది ఆ ఖాళీ ఫోల్డర్‌నే నమ్ముకుని లేచింది. నాకు నవ్వాలో ఏడవాలో తెలీలేదు. సర్వర్ ఆపి, సముద్రం చూపించి మళ్ళీ లేపాను. పడవలన్నీ వరసగా వచ్చేశాయి.

పోలమ్మ వేలు పెట్టి ఒక్కో అంకే చదువుకుంటూ నంబరు కొట్టింది. చాలాసేపు మోగింది. "ఎర్రయ్యున్నాడా?" అని అడిగి, అవతలి మాట వింటూనే నేల మీద చతికిలబడిపోయింది. కళ్ళు తుడుచుకుంటూ, తమ్ముడు ఫోన్లోకి రాగానే తిట్లు లంకించుకుంది.

"ఫోను తడిపేసుకున్నావా సచ్చినోడా! అక్కొకత్తి ఉందని గేపకం లేదా?"

అంతకుముందు నేను ఎక్కడికెళ్ళినా ఏం దాచుకోవాలి అనే అడిగేవాణ్ణి. ఇప్పుడు దాన్ని మీరేమంటారు అని కూడా అడుగుతున్నాను. పేరు నా నోటికి బావుంటే చాలదు, రోజూ కొట్టే చేతికి రావాలి. ఆ రోజు బయల్దేరే ముందు నకలు తీసిచ్చాను. ఖాళీ సంద్రాన్ని తీసేసి, పడవలున్న సముద్రానికి ఆ పేరు పెట్టాను.

పోలమ్మ అది చూసి, "బాగుంది గానీ, రేపు మీకు గేపకముంటాదా బావూ?" అంది.