స్విచ్ మాట వినాలన్న రాజలింగు సార్

మా గురువర్యులు రాజలింగు సార్ మొన్న గుండెపోటుతో పరమపదించారన్న వార్త నాగపూర్‌లో ఆఫీసుకు బయలుదేరుతుండగా ఫోన్లో విన్నాను. నమ్మలేక ఆయన నంబరుకే ఫోన్ చేశాను, ఎంత పిచ్చివాణ్ణో చూడండి. మహారాష్ట్ర సరిహద్దులోని మా సిరొంచలో ఒక్క గదిలో కంప్యూటర్ విద్యాదానం చేసిన ఆ సౌమ్యమూర్తి ఇక లేరు.

పాత ల్యాప్‌టాప్‌లు తెప్పించి, ఎవరైనా సవరణలు పంపగల ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ వేసి, చుట్టుపక్కల టీచర్లకు అందించడం ఆయన వ్రతం. అలాంటిదొకటి తీసుకున్న రేగుంట టీచరమ్మ లక్ష్మక్క రెండేళ్ల కిందట బస్సు దిగి వచ్చి, "సార్, నెట్టు వస్తలేదు. ఖరాబైనట్టుంది" అన్నారు. సార్ శిష్యుణ్ణయిన నేను రెండు గంటలు తంటాలు పడ్డాను. చివరికి చూస్తే, ల్యాప్‌టాప్ అంచున నెట్టును ఆపే వైర్‌లెస్ స్విచ్ సంచిలో ఒత్తుకుని ఆఫ్ అయి ఉంది. "గిది సుత చూస్కోలేదా మేడం?" అని నవ్వాను.

సార్ నవ్వలేదు. "నువ్వే రెండు గంటలు చూసినవు గదా? ఆమెది తప్పెట్లైతది? స్విచ్ బందున్నదని తెర మీద చెప్పకపోవుడు డ్రైవర్ తప్పు" అన్నారు. డ్రైవర్ అంటే యంత్రభాగానికీ లినక్స్‌కూ నడుమ దుబాసీ పని చేసే ప్రోగ్రాము.

దాన్ని సరిచేసే పని నాకిచ్చారు. లోకమంతా వాడే లినక్స్‌లో నా పేరు చేరితే నాగపూర్‌లో ఉద్యోగం దొరికే ఆశ ఉంది. తొందరపడి, స్విచ్ ఎలా ఉన్నా వైర్‌లెస్ నడిచేలా రాసేశాను. సార్ కళ్లద్దాలు తీసి, "బంద్ చేసింది మనిషి. అడగకుంట చాలూ చేయనీకి నువ్వెవలు?" అన్నారు. కోపమొచ్చి నాలుగు రోజులు మొహం చూపించలేదు. ఐదో రోజు వెళ్తే ఏమీ జరగనట్టే కుర్చీ జరిపారు. స్విచ్ కదలగానే డ్రైవర్ గమనించి తెరపై చెప్పేలా, వారాల తరబడి పక్కన కూర్చుని ప్రతి పంక్తీ దిద్దించారు.

సవరణతో పాటు లోపం చూపినవారి పేరు కూడా రాసి పంపడం లినక్స్‌లో ఆనవాయితీ. లక్ష్మక్క పేరు రాయమన్నారు.

"ఆమెకేం తెలుసు సార్?"

"ఆమె రేగుంట నుంచి మోసుకొచ్చింది గనకనే మనకు తెలిసింది."

"మరి మీ పేరు?"

"నాకిప్పుడు నౌకరీ ఎందుకురా? నీకు గావాలె."

లోపం చూపినవారిగా లక్ష్మక్క పేరు, రాసినవాడిగా నా ఒక్కడి పేరే పెట్టి పంపాను. లినక్స్ నిర్వాహకులు సవరణను స్వీకరించారు. ఇంటర్వ్యూలో "అంతా నువ్వే రాశావా?" అని అడిగితే అవునన్నాను. ఈ సంగతి సార్‌కు ఎదురుగా కూర్చుని చెప్పుకోవాలనుకుంటూనే రోజులు గడిపేశాను. ఆ సిగ్గు ఇప్పుడు నన్ను నిద్రపోనివ్వడం లేదు.

అంతటి ఆచార్యుడు మా ప్రాంతానికి మళ్లీ దొరకడు. ఆ సవరణలోని ప్రతి పంక్తీ రాజలింగు సార్ చెప్పింది, నేను టైపు చేసింది. ఈ వ్యాసపు మరాఠీ ప్రతిని రేపు ఉదయం మా ఆఫీసులో, నన్ను ఇంటర్వ్యూ చేసినవారికే ఇస్తున్నాను.