పోగులు లెక్కకు వచ్చే ఫోటోలు

మా అత్తమ్మ లేదు. పోయిన నెల, మూడు రోజుల జ్వరం తర్వాత, చౌటుప్పల్ దవాఖానలో కన్నుమూసింది. నేను పెద్దగా చదువుకున్నదాన్ని కాదు, నలుగురిలో నోరు విప్పేదాన్నీ కాదు. అయినా ఆమె గురించి ఈ మాటలు నేనే రాయాలి.

మాది చేనేత ఇల్లు. దారాలకు ముడులు కట్టి, రంగులో ముంచి, ఆ తర్వాతే మగ్గం ఎక్కిస్తాం. ఏ పోగు దగ్గర ముడి పడాలో అందరూ గళ్ల కాగితం మీద గీసుకుంటారు. అత్తమ్మ గీసేది కాదు, అంతా ఆమె తలలోనే. చీరను, మా దగ్గర కొనే శేటుకు పంపే ముందు మాత్రం అంచునూ కొంగునూ ఫోనులో ఫోటో తీసేది. ఆ చీర మళ్లీ నేయాలంటే మాకు ఆ ఫోటో ఒక్కటే ఆధారం.

నిరుడు ఆమె ఫోను నిండిపోయింది. మా ఆయన చీరల ఫోటోలు తీసేద్దామన్నాడు.

"తీస్తే మీ పెండ్లియి తియ్యి. పెండ్లి మళ్ల చేసుకోవు గదా, చీర మళ్ల నేయాలె" అంది అత్తమ్మ.

చివరికి ముగ్గురం ఫోన్ల దుకాణానికి వెళ్లాం. ఫోటోలను ఆన్‌లైన్‌లో దాచడానికి దుకాణదారు రెండు దారులు చూపించాడు. ఒకటి ఉచితం, కానీ ఫోటోను చిన్నది చేసి దాస్తుంది. రెండోదానికి నెలనెలా కట్టాలి, తీసింది తీసినట్టే ఉంచుతుంది. మా ఆయన ఉచితానికే మొగ్గాడు. అత్తమ్మ మాత్రం ఒకే చీర ఫోటోను రెండింట్లోనూ పెట్టించి, తిరిగి తెప్పించి, వేళ్లతో పెద్దది చేసి పోగులు లెక్కపెట్టసాగింది. ఉచితందాంట్లో అంచు అలుక్కుపోయింది.

"గంత దగ్గరకెల్లి ఎవలు చూస్తరు పెద్దమ్మా?" అని నవ్వాడు దుకాణదారు.

"నేసెటోళ్లు చూస్తరు. నీ ఒంటి మీద అంగి నిలిచింది గందుకే. రెండోదే పెట్టు."

పాస్‌వర్డ్ నన్ను పెట్టమంది. "నాకేం తెలుసు అత్తమ్మా, ఐదో తరగతే గదా నేను" అని గొణిగాను.

"నేను బడి గడపే తొక్కలె పిల్లా. పెట్టు. ఎవ్వలకు చెప్పకు, మీ ఆయనకు అసలే చెప్పకు."

ఆ తర్వాత వారానికోసారి, ఆసు మేకులకు దారం చుడుతూనే, నా వైపు చూడకుండా అడిగేది: "యాదికున్నదా?" ఉన్నదనేదాన్ని. ఇంకో మాట ఉండేది కాదు. నన్ను అంతగా నమ్మిన మనిషి ఇంకొకరు లేరు.

దవాఖాన హడావుడిలో ఆమె ఫోను పోయింది. దినాలు అయ్యాక, పాత చీర ఒకటి మళ్లీ కావాలని శేటు కబురు పంపాడు. మా ఆయన ముడుల దారం పక్కన పెట్టేసి, "గది అమ్మతోటే పోయింది" అన్నాడు.

"పోలె. నా తాన ఉన్నది" అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినిపించింది.

నా ఫోనులో ఆ పాస్‌వర్డ్ కొట్టి తెరిచాను. అన్నీ ఉన్నాయి. ఆ చీరను పెద్దది చేసి అంచు పోగులు లెక్కపెట్టాను. ప్రతి పోగూ విడిగా కనబడింది.

ఇప్పుడు ఆయన ముడులు కడుతున్నాడు. పక్కన కూర్చుని నేను లెక్క చెబుతున్నాను. ఫోను తెర ఆరిపోబోతే వేలితో తాకుతాను. అంచు మళ్లీ వెలుగులోకి వస్తుంది. దాని చివర, బట్టను బిగించి పట్టుకున్న ఆమె బొటనవేలు, గోరు సందులో ఎర్రరంగు.