షూగేజ్ గట్టు పంచాయితీ

మా మామగారికి కోపం పెరిగేకొద్దీ మర్యాద పెరుగుతుంది. మామూలుగా నన్ను "అల్లుడూ" అని పిలిచే మనిషి, కాస్త చిరాకు పడితే "అల్లుడు గారూ" అంటారు. నిజంగా మండితే "ఏమండీ" అంటారు. ఆ "ఏమండీ" నాకు పడింది షూగేజ్ వల్ల.

షూగేజ్ అంటే ఒక రకం గిటార్ సంగీతం. తీగ మోతను కాళ్ల దగ్గర పెట్టుకున్న పెడళ్ల గుండా పంపి, అది తీగ మోతలా కాకుండా పొగమంచులా కమ్ముకునేదాకా పెంచుతారు. పాడే గొంతు ఆ మంచులో ఎక్కడో, పక్క గదిలో ఎవరో మాట్లాడుకుంటున్నట్టు వినిపిస్తుంది. వాయించేవాళ్లు తలెత్తకుండా పెడళ్ల వైపే చూస్తుంటారు కాబట్టి, వీళ్లు బూట్లు చూసుకునేవాళ్లని ఎవరో వెక్కిరించారు. ఆ వెక్కిరింతే పేరైపోయింది. ఖమ్మం కోచింగ్ కాలేజీలో పొద్దంతా ఫిజిక్స్ అరిచి చెప్పే నాలాంటివాడికి, ఒక్క ముక్కైనా అర్థం చేసుకోనక్కర్లేని పాటలంటే ఎంత హాయో చెప్పలేను.

ఈ పిచ్చి నేను అంటించింది ఒక్కడికే, మా బావమరిదికి. అశ్వారావుపేట దగ్గర అడవి అంచున వాళ్లకు పామాయిల్ తోట ఉంది. గెలల ట్రాక్టరు మిల్లు ముందు లైన్లో ఆగినప్పుడల్లా చెవుల్లో ఇవే పెట్టుకునేవాడు. ఇద్దరం కలిసి ఫోన్లో ఒక ప్లేలిస్ట్ మొదలుపెట్టాం. పాటలు చేర్చే హక్కు ఇద్దరికీ ఉంది, తీసేసే హక్కూ ఉంది. చిక్కంతా ఆ రెండో హక్కుతోనే వచ్చింది.

నాకు హద్దులు ముఖ్యం. మెత్తగా, తేటగా, మాటలు తెలిసేలా ఉంటే అది డ్రీమ్ పాప్. గొంతు చించుకుని అరిస్తే మెటల్. మధ్యలో మిగిలిన సన్నటి నేల చెక్కే షూగేజ్. మా బావమరిదికి అంత పట్టింపు లేదు. విన్నాక తల తిరిగితే చాలు, లోపలికి రానిస్తాడు. రైతు కాబట్టి ఆ హద్దుకు గట్టు అని పేరు పెట్టాడు. అతను చేర్చడం, నేను తీసేయడం, ఇదీ వరస.

మొన్న వేసవిలో కాలేజీకి సెలవులిస్తే, నేనూ నా భార్యా వాళ్లింటికి వెళ్లాం. పది రోజులు గడిచాక ఒక పొద్దున్నే వరండాలో టీ తాగుతూ బావమరిది మొదలుపెట్టాడు.

"ఏంది బావా, నేను పెట్టినయన్నీ పీకేసినవ్?"

"పీకిన. మళ్లీ పెడితే మళ్లీ పీకుత."

"గట్టు పక్కన పెట్టినయి కూడానా? అవి మనయే కదా!"

"మనయి కావు. గట్టు ఏడుందో నీకు తెల్వదు. నువ్వు దాన్ని జరుపుకుంట పోతున్నవ్."

"జరిపేది నువ్వు! జరిపి జరిపి మొత్తం నీ ఒక్కడికే ఉంచుకునేటట్టున్నవ్."

"అవ్, ఉంచుకుంట. మొదలుపెట్టింది నేనే కదా."

కిటికీ అవతల మామగారు గడ్డం గీసుకుంటున్నారు. మా మాటలన్నీ ఆయన చెవిన పడ్డాయి. వాటిలో 'పాట' అన్న మాట మాత్రం లేదు. మాకు దాని అవసరం రాలేదు.

పైగా మేం వచ్చాకే తోట తూర్పు గట్టు వెంట కొత్తగా నాటిన పామాయిల్ మొక్కలు పెళ్లగించి ఉన్నాయి. అడవిపందుల పనే అని ఇంటిల్లిపాదీ అనుకున్నారు.

మామగారు సగం గడ్డంతోనే బయటికొచ్చారు. రెండో చెంప మీద నురగ అలాగే ఉంది. "ఏమండీ," అన్నారు. నా చేతిలో టీ ఒలికింది. "ఇన్నాళ్లూ పందులనుకున్నానండీ." అంతే, లోపలికెళ్లి తలుపేసుకున్నారు.

మేమిద్దరం ముఖాలు చూసుకున్నాం. నన్ను పందితో ఎందుకు పోల్చారో నాకు బోధపడలేదు.

మధ్యాహ్నానికి సత్తుపల్లి నుంచి ఆయన అన్నగారు కారులో దిగారు. ఆ కుటుంబంలో ఏ తగువొచ్చినా తీర్చేది ఈ పెదమామయ్యే. కారులోంచి ముందు కొలత టేపు దిగింది, తర్వాత ఆయన దిగారు. భోజనం చేసి, వరండాలో కుర్చీలు వేయించి, నన్ను ఎదురుగా కూర్చోబెట్టారు.

"అల్లుడు గారూ, మొత్తం ఎన్ని పీకారు?"

ఇంత చిన్న సంగతికి ఈయనెందుకు వచ్చారో తెలియకపోయినా, నిజమే చెప్పాను. "ఒక ముప్పై ఉంటయి పెదమామయ్యా."

"ముప్పయ్యా!" మామగారు కళ్లు మూసుకున్నారు.

"ఎందుకు పీకారు?"

"మంచియి కావు. పక్కవాటిని కూడా చెడగొడుతయి."

"నర్సరీలో దగ్గరుండి ఏరి తెచ్చానండీ!" అని మామగారు లేచి నిలబడ్డారు.

"నర్సరీ ఏంది నాన్నా?" అన్నాడు బావమరిది. "నేను ఫోన్లో చూసి పెట్టినయి."

"ఫోన్లో చూసి మొక్కలు నాటావా?"

గుమ్మం దగ్గర ఆవకాయకు కాయలు తుడుస్తున్న నా భార్యకే ముందు అర్థమైంది. గుడ్డ పక్కన పడేసి, కడుపు పట్టుకుని నవ్వింది. "మొక్కలు కాదు నాన్నా, పాటలు! వీళ్లు కొట్టుకునేది పాటల గురించి."

పెదమామయ్య చేతిలోని టేపు వంక చూసుకున్నారు. "పాటలకు గట్టేంటమ్మా?"

నేను పాఠం చెప్పినట్టు చెప్పాను. పెడళ్ల దగ్గర నుంచి, బూట్ల దాకా వచ్చాను. "బూట్లు చూసుకోవడం దేనికి? ఎవరైనా ఎత్తుకుపోతారనా?" అని అడిగారు మామగారు. బావమరిది స్పీకర్ తెచ్చి ఒక పాట పెట్టాడు.

"ఆపరా, స్పీకరు కాలిపోతోంది," అన్నారు మామగారు.

"అది అంతే నాన్నా."

సత్తుపల్లి నుంచి వచ్చి, కోడికూర తిని, తీర్పు చెప్పకుండా వెళ్లడం పెదమామయ్య వల్ల కాలేదు. తగువులో ఉన్న పాటలన్నీ వరసగా వినిపించమన్నారు.

"ఈ పిల్ల ఏమంటోంది?"

"తెలియదు పెదమామయ్యా."

"మీక్కూడానా?"

"ఎవరికీ తెలియదు."

"పాడుతోందా, ఏడుస్తోందా?"

"అదీ ఖాయంగా చెప్పలేం."

ఆయన గంభీరంగా తలూపి, "కానివ్వండి," అన్నారు. అరుపుల పాట రాగానే మామగారు "ఎవర్నో కొడుతున్నారు!" అని గేటు దాకా వెళ్లి చూసొచ్చారు. ఆ తర్వాతది మెల్లగా, పొరలు పొరలుగా సాగే పాట. అది నడుస్తుండగా పెదమామయ్య తల వాలిపోయింది. గురక, గిటారు కలిసిపోయాయి. లేపే ధైర్యం ఎవరికీ లేదు. పాటలు అయిపోయాక, ఆ నిశ్శబ్దానికి ఆయనే ఉలిక్కిపడి లేచి, అసలు నిద్రే పోనట్టు తీర్పు చెప్పారు.

"గట్టన్నాక దానికీ కాస్త వెడల్పుంటుంది. దాని మీద ఎవరూ నాటరు, ఇద్దరూ నడుస్తారు. తగువులో ఉన్నవన్నీ తీసి గట్టు మీద పెట్టండి."

అలా మా ఫోన్లలో 'గట్టు' అని ఇంకో ప్లేలిస్ట్ వచ్చింది.

సాయంత్రం మామగారు నన్ను తోటలోకి తీసుకెళ్లారు. తూర్పు గట్టు దాకా నడిచాం. తర్వాత, "ఈ తూర్పు చెక్క భూమి నీ మనసులో ఉందేమో, అడగలేక ఇలా చేస్తున్నావేమోనని పొద్దున్నుంచీ ఒకటే ఆలోచన. అన్నయ్య రాకముందే ఇచ్చేద్దామని అనుకున్నానయ్యా," అన్నారు. పొద్దున ఆయన వేసుకున్న తలుపు వెనక కోపమే ఉందనుకున్నాను. మట్టిగడ్డ ఒకటి కాలితో నలుపుతూ, "నాకేం వద్దు మామయ్యా," అన్నాను. రాత్రి ఇది చెబితే నా భార్య, "వద్దని నువ్వెవరు చెప్పడానికి?" అని అన్నం వడ్డిస్తూ నిలదీసింది.

ఇప్పుడు అసలు ప్లేలిస్ట్ కన్నా 'గట్టే' పెద్దది. కాలేజీకి వెళ్తూ బస్సులో నేను వినేది కూడా అదే, బావమరిదికి మాత్రం చెప్పలేదు. పెదమామయ్య పట్టుబట్టి తన ఫోన్లో కూడా పెట్టించుకున్నారు. మొన్న వాళ్లావిడ పెద్దత్తయ్య నా భార్యకు ఫోన్ చేసింది.

"మీ ఆయన ఏం పాటలిచ్చాడే తల్లీ? మధ్యాహ్నం గదిలోంచి ఒకటే రొద. ఫ్యాన్ పోయిందని మెకానిక్‌ని పిలిపించాను. అతనొచ్చి నిచ్చెనెక్కి, ఫ్యాన్ విప్పి చూసి, ఏం కాలేదన్నాడు. కింద మీ పెదనాన్న హాయిగా నిద్ర!"